ప్రయాణాల నుంచి పనికొచ్చే ఆలోచనలు ఎలా వస్తాయి? నా అనుభవంలో తెలిసింది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ప్రయాణాలు చేస్తే కొత్త ఆలోచనలు పుడతాయంటారు, నేను నాలుగైదు దేశాలు తిరిగొచ్చాను, ఫోన్ నిండా ఫొటోలున్నాయి, కానీ పనికొచ్చే ఆలోచన ఒక్కటీ రాలేదు, లోపం ఎక్కడుంది? రాబోయే కొన్నేళ్లు ఎక్కడికీ కదిలే వీలు కూడా లేదు, మరి నా సంగతేమిటి?

నేను ఇరవై ఆరేళ్లుగా యంత్రాల డిజైన్ పనిలో ఉన్నాను. యంత్రాలు బిగించడానికీ, చెడిపోతే చూడటానికీ చాలా చోట్లకు వెళ్లాల్సి వచ్చింది. మొదటి పదేళ్లు నాదీ అచ్చం మీ పరిస్థితే. అది మారడానికి కారణమైన సంగతి ముందు చెబుతాను.

ఒకసారి పనిమీద విమానాల మరమ్మతు కేంద్రానికి వెళ్లాను. అక్కడ గోడకు ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు వరసగా తగిలించి ఉన్నాయి. ప్రతి పనిముట్టు వెనక అదే ఆకారంలో నల్లరంగు వేశారు. పనిముట్టు తీస్తే బోర్డు మీద దాని నీడ మిగులుతుంది. ఎంత పద్ధతిగా ఉందో అనుకుని నాలుగు ఫొటోలు తీసుకున్నాను. తిరిగి రాగానే మా వర్క్‌షాప్‌లో అలాంటిదే ఒకటి చేయించాను. వారం రోజులు చూడముచ్చటగా ఉంది. నెల తిరిగేసరికి సగం కొక్కేలు ఖాళీ. మనవాళ్లకు క్రమశిక్షణ లేదని విసుక్కున్నాను, అంతటితో వదిలేశాను.

రెండేళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వెళ్లాను. షిఫ్టు దిగే ముందు ఒక పెద్దాయన బోర్డు ముందు నిలబడి, ఒక్కో పనిముట్టునూ వేలితో తాకుతూ లెక్కపెడుతున్నాడు. రోజూ చేసే పనిని అంత శ్రద్ధగా చేయడం చూసి, ఎందుకండీ అని అడిగాను. "ఇక్కడ లేని స్పానర్ ఎక్కడుందో తెలియాలి కదా. ఇంజిన్‌లో ఉండిపోతే?" అన్నాడు. అప్పుడు చూశాను: ఖాళీగా ఉన్న రెండు కొక్కేలకూ చిన్న ఇత్తడి బిళ్లలు వేలాడుతున్నాయి, వాటి మీద నంబర్లు. స్పానర్ తీసుకున్నవాడు తన బిళ్లను అక్కడ తగిలించి వెళ్లాలి. ఒక్క నీడ ఖాళీగా ఉన్నా, ఆ స్పానర్ దొరికేదాకా విమానాన్ని కదలనివ్వరు.

ఆ రాత్రి రూముకు వెళ్లి పాత ఫొటోలు తీసి చూశాను. బిళ్లలు వాటిలో స్పష్టంగా ఉన్నాయి. రెండేళ్లు నా దగ్గరే ఉన్నాయి, నాకు కనిపించలేదు. నేను చూసింది చక్కదనాన్ని. వాళ్లు కట్టుకున్నది ప్రమాదం జరగకుండా ఒక కాపలా. చక్కదనం కోసం బోర్డు పెట్టుకున్న నాకు నెల రోజులకు మించి అది నిలవకపోవడంలో మావాళ్ల తప్పేమీ లేదు.

తిరిగొచ్చాక మా ఇబ్బంది ఏమిటో మొదటిసారి సరిగ్గా చూశాను. ఒకే సైజు స్పానర్ మూడు యంత్రాల దగ్గర కావాలి, అందుకే అది ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. పెద్ద బోర్డు తీసేసి, ఏ యంత్రానికి కావాల్సిన ఐదారు పనిముట్లు ఆ యంత్రానికే తగిలించాం. మరి బిళ్లలు? వాటిని ఇంకో చోట వాడాం. రిపేరు కోసం యంత్రం లోపలికి చేతులు పెట్టే ప్రతి మనిషీ స్విచ్ దగ్గర తన బిళ్ల తగిలించాలి, అన్ని బిళ్లలూ తీసేదాకా స్విచ్ వేయకూడదు. ఇలాంటి పద్ధతి చాలా పరిశ్రమల్లో ముందు నుంచే ఉందని తర్వాత తెలిసింది. అయినా మాకు అది విమానాల దగ్గర నిలబడి ఒక్క ప్రశ్న అడగడం వల్ల దొరికింది.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: వస్తువును చూసి వస్తే వస్తువే వస్తుంది, అది కొత్తచోట బతకదు. దాని వెనకున్న కారణం తెలుసుకుని వస్తే, ఆ కారణం మీ దగ్గర ఇంకో రూపం తీసుకుంటుంది. ఎవరైనా ప్రయాణంలో చూసినదాని నుంచి పెద్ద పని సాధించారని వింటే, వాళ్లు ఏం చూశారన్నది నాకు అంత ముఖ్యం కాదు. చూసింది ఎలా అర్థం చేసుకున్నారన్నదే వెతుకుతాను.

క్లారెన్స్ బర్డ్స్ఐ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ అమెరికన్ 1912లో బొచ్చు తోళ్ల వ్యాపారం కోసం ఇప్పటి కెనడాలోని లాబ్రడార్ వెళ్లాడు. అక్కడి ఇన్యుయిట్ ప్రజలు గడ్డకట్టిన నీటికి రంధ్రం చేసి చేపలు పట్టేవారు. గాలి మైనస్ 40 డిగ్రీలు ఉన్నప్పుడు చేప పైకి లాగిన కాసేపటికే రాయిలా గడ్డకట్టేది. నెలల తర్వాత కరిగించి వండినా తాజా చేపలాగే ఉండేది. ఇంతవరకు ఎవరైనా చూస్తారు, ఊరికి వచ్చి వింతగా చెప్పుకుంటారు. బర్డ్స్ఐ ఇంకో అడుగు వేశాడు. నడి చలికాలంలో గడ్డకట్టినదానికీ, చలి తగ్గిన రోజుల్లో గడ్డకట్టినదానికీ రుచిలో తేడా ఉందని గమనించాడు. రెండూ గడ్డకట్టినవే, మరి తేడా ఎందుకు? వేగం వల్ల. నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాల పొరలను చీల్చేస్తాయి, కరిగినప్పుడు నీరంతా కారిపోయి మెత్తగా అయిపోతుంది. త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవిగా ఉంటాయి, కణాలు నిలుస్తాయి.

ఈ ఒక్క కారణం చేతికి వచ్చాక లాబ్రడార్ చలి అవసరం లేకుండా పోయింది. తిరిగొచ్చాక ఉప్పునీళ్లు, మంచుగడ్డలు, ఒక ఫ్యానుతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆహారాన్ని పెట్టెల్లో సర్ది, బాగా చల్లబరిచిన లోహపు పలకల మధ్య నొక్కిపెట్టే యంత్రాలు తయారుచేశాడు. మొదటి కంపెనీ దివాలా తీసింది. 1924లో మళ్లీ ఇంకొకటి పెట్టాడు. 1930లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పట్టణంలోని కొట్లలో ఆ గడ్డకట్టిన ఆహారాన్ని జనానికి అమ్మి చూశారు. చూసిన రోజుకూ అమ్మిన రోజుకూ మధ్య పదిహేనేళ్లకు పైనే గడిచాయి. తిరిగొచ్చిన నెలలోనే ఆలోచన రాలేదని మీరు బాధపడుతున్నారు కాబట్టి ఈ లెక్క చెబుతున్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. చేపలను అలా గడ్డకట్టించే జ్ఞానం ఇన్యుయిట్ ప్రజలది, తరతరాలది. పేరు మాత్రం ఒక్కరికే మిగిలింది. మనం ఎక్కడి నుంచి ఏం నేర్చుకున్నా, ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పడం కనీస బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో సంగతి. కొందరికి ప్రశ్న అక్కడికి వెళ్లాక పుడుతుంది, కొందరు ప్రశ్నను వెంట తీసుకెళతారు. నేను చూసినంతలో రెండోవాళ్లకే ఎక్కువ దొరుకుతుంది. మేరీ వోర్ట్లీ మాంటెగ్యూ అనే ఇంగ్లండ్ వనిత 1713లో మశూచికి తమ్ముణ్ని పోగొట్టుకుంది. రెండేళ్లకు తనకే ఆ జబ్బు వచ్చి, ప్రాణం దక్కినా ముఖం మీద మచ్చలు మిగిలాయి. తర్వాత భర్త రాయబారిగా వెళితే తనూ ఒట్టోమన్ సామ్రాజ్యానికి, అంటే నేటి టర్కీకి వెళ్లింది. అక్కడ కొందరు ముసలమ్మలు మశూచి పొక్కుల రసాన్ని ఒక కాయ చిప్పలో తెచ్చి, సూదితో చర్మం గీరి పిల్లలకు కొద్దిగా ఎక్కించేవారు. పిల్లలకు రెండు మూడు రోజులు జ్వరం వచ్చి తగ్గేది, మళ్లీ ఆ జబ్బు వచ్చేది కాదు. 1717లో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో మేరీ ఇదంతా వివరంగా రాసింది. మరుసటి ఏడాది తన కొడుక్కి ఒక గ్రీకు వృద్ధురాలి చేత అలాగే చేయించింది. 1721లో లండన్‌లో మశూచి ప్రబలినప్పుడు డాక్టర్ల ముందు కూతురికీ చేయించింది.

ఆ దారిలో వెళ్లిన యూరోపియన్లు ఎంతోమంది. అందరికీ కళ్లున్నాయి. కానీ తమ్ముణ్ని మింగిన జబ్బు ఆమె మనసులో ముల్లులా ఉంది, కాబట్టి ఆ చిప్ప దగ్గర ఆగింది. అప్పటి పద్ధతిలో ప్రమాదమూ ఉండేది, కొందరు చనిపోయేవారు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుమశూచితో చేసిన టీకా వచ్చాక గానీ అది సురక్షితమైన దారి కాలేదు. సరిగ్గా అదే 1721లో సముద్రానికి అవతల, అమెరికాలోని బోస్టన్‌లో కూడా ఇదే పద్ధతి మొదలైంది. అక్కడికి ఆ సంగతి చేర్చింది ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషి. బానిసగా బలవంతంగా తెచ్చినవాడు. తన దేశంలో తనకు ఇలా చేశారని యజమానికి చెప్పాడు. ప్రయాణాలంటే సరదాగా మాట్లాడుకుంటాం గానీ, ప్రపంచంలో చాలా జ్ఞానం ఇలా ఇష్టం లేని ప్రయాణాల్లో కూడా నడిచింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

మీకు ఇప్పటికే ఉన్న ముల్లు ఏది? ఇంట్లో, పనిలో, ఒంట్లో. వెళ్లే ముందు అది కాగితం మీద రాసుకోండి. పెద్ద సమస్యే కానక్కర్లేదు. బెర్నార్డ్ సాడో అనే అమెరికన్ 1970లో కుటుంబంతో సెలవులకు అరూబా వెళ్లి వస్తూ, రెండు బరువైన సూట్‌కేసులు మోయలేక విమానాశ్రయంలో ఆయాసపడుతున్నాడు. పక్కనే ఒక పనివాడు బరువైన యంత్రాన్ని చక్రాల పలక మీద అలవోకగా తోసుకుపోతున్నాడు. సాడో ఉద్యోగం సూట్‌కేసుల కంపెనీలోనే. ఇంటికెళ్లి సూట్‌కేసుకు నాలుగు చక్రాలు, లాగడానికి ఒక పట్టీ తగిలించాడు. 1972లో పేటెంట్ వచ్చింది. చేతులు నొప్పి పుట్టకపోయి ఉంటే ఆ చక్రాలు కంటపడేవి కావని నా అనుమానం.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: అవతలివాళ్లు మన వస్తువును "తప్పుగా" వాడుతుంటే చూడటం. మొమొఫుకు ఆండో 1958లో జపాన్‌లో ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారుచేశాడు. 1966లో వాటిని అమ్మే అవకాశం ఉందేమోనని అమెరికా వెళ్లాడు. సూపర్‌మార్కెట్ వాళ్లకు రుచి చూపించబోతే అక్కడ గిన్నెలు లేవు. వాళ్లు నూడుల్స్ ముద్దను విరిచి, కాగితం కప్పుల్లో వేసి, వేడినీళ్లు పోసి, ఫోర్కులతో తిన్నారు. తినే పద్ధతి ఇది కాదు అని ఆయన సరిదిద్ది ఉండొచ్చు. మనలో చాలామందిమి అదే చేస్తాం, మన వస్తువు మీద మనకు అంత మమకారం. ఆండో అలా చేయకుండా వాళ్ల చేతులను చూశాడు. కప్పే గిన్నె, కప్పే పొట్లం, కప్పే పాత్ర కావచ్చని అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో విమానంలో మకడేమియా గింజల డబ్బా ఇచ్చారు. దాని మూత రేకు, కాగితం కలిపి అతికించినది, గాలి చొరబడదు. కప్పుకు మూత కూడా అక్కడే దొరికింది. అయినా పని పూర్తవడానికి ఐదేళ్లు పట్టింది. నూడుల్స్ ముద్దను కప్పులో వేస్తే పక్కకు ఒరిగిపోయేది. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి కప్పులో నూడుల్స్ వేయడం మానేసి, నూడుల్స్ మీదే కప్పును బోర్లించారు. సమస్య తీరింది. 1971లో కప్ నూడుల్స్ వచ్చింది. మా ఫ్యాక్టరీలో ఏదైనా భాగం కుదురుగా కూర్చోవడం లేదని కుర్రాళ్లు వచ్చినప్పుడు నేను ఈ సంగతే చెబుతాను, కదిలేదాన్ని ఆపి ఆగేదాన్ని కదిపి చూడమంటాను.

ఇక్కడ సంస్కృతి మాట కూడా వస్తుంది. సంస్కృతిని నేర్చుకోవడం వేరు, పనికొచ్చే వస్తువు కనిపెట్టడం వేరు అనుకుంటాం. నా అనుభవంలో మొదటిది లేకుండా రెండోది సరిగ్గా జరగదు. ఆన్ మూర్ అనే అమెరికన్ నర్సు 1960లలో పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున పశ్చిమ ఆఫ్రికాలోని టోగోలో పనిచేసింది. అక్కడి తల్లులు బిడ్డలను గుడ్డతో వీపుకు కట్టుకుని పనులు చేసుకునేవారు. ఆ బిడ్డలు అంత నిమ్మళంగా ఉండటం ఆమెను కదిలించింది. తిరిగొచ్చాక తన బిడ్డను అలాగే కట్టుకోబోతే గుడ్డ జారిపోయేది. టోగో తల్లుల చేతుల్లో ఉన్న నేర్పు ఆమె చేతుల్లో లేదు మరి. దాంతో తన తల్లితో కలిసి, పట్టీలున్న ఒక సంచిని కుట్టించింది. అదే స్నగ్లీ, 1969లో పేటెంట్ వచ్చింది. వాళ్ల నేర్పు తనకు లేదని ఒప్పుకోవడం వల్లే ఆ పట్టీలు పుట్టాయి.

దీనికి ఇంకో వైపూ ఉంది. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కొందరు నెలలు నిండని బిడ్డల కోసం చవకైన ఇంక్యుబేటర్, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం చేయాలనుకున్నారు. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి ఆస్పత్రి చూస్తే, దానంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా కనిపించాయి. బిడ్డలు పుడుతున్నది దూరపు పల్లెల్లో, చలికి చనిపోతున్నది కూడా అక్కడే. యంత్రాన్ని చవక చేసినా ఆ బిడ్డ దాకా అది చేరదు. దాంతో యంత్రం ఆలోచనే వదిలేశారు. మైనం లాంటి పదార్థాన్ని వేడిచేసి సంచిలో పెడితే, కరెంటు లేకపోయినా కొన్ని గంటలపాటు బిడ్డ ఒంటి వేడిని నిలిపే చిన్న పరుపు సంచి చేశారు. ఎంబ్రేస్ అని పేరు పెట్టారు. ఊళ్లోనే కూర్చుని ఉంటే ఎవరికీ అక్కర్లేని చక్కటి ఇంక్యుబేటర్ ఒకటి తయారయ్యేది.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. "మీరు ఇలా ఎందుకు చేస్తారు?" అని సూటిగా అడిగితే చాలాచోట్ల తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. "మా పెద్దలు చేశారు, మేమూ చేస్తున్నాం" అని ఊరుకుంటారు. నేను "ఇలా చేయకపోతే ఏమవుతుంది?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఈ ప్రశ్నకు మనుషులు కథలు చెబుతారు. ఫలానా ఏడు తాడు ఇలా కట్టలేదు, ఏం జరిగిందో చూడండి అంటారు. ఆ కథలోనే కారణం ఉంటుంది. వీలైతే ఆ పనిని ఒక పూట మీ చేత్తో చేయండి, పక్కన ఉండి ఎంత చూసినా తెలియని బరువు, జారుడు, వేడి చేతికి తెలుస్తాయి. వాళ్ల భాషలో పది మాటలైనా నేర్చుకోండి. వెయ్యేళ్ల కిందట మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ భారతీయుల శాస్త్రాలను గురించి రాయడానికి ముందు సంస్కృతం నేర్చుకున్నాడు, పండితుల దగ్గర కూర్చుని గ్రంథాలు చదివాడు. సుమారు 1030లో పూర్తయిన ఆయన పుస్తకం నేటికీ చదవదగ్గదిగా ఉందంటే ఆ కష్టమే కారణం.

నేర్చుకున్నదాన్ని మీవాళ్లకు చెప్పేటప్పుడు వాళ్ల లెక్కల్లో చెప్పండి. ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ ఉత్తర ఆఫ్రికాలో తండ్రి దగ్గర ఉన్నప్పుడు మన భారతీయ అంకెలు నేర్చుకున్నాడు. 1202లో ఇటలీలో పుస్తకం రాస్తూ, ఆ అంకెలతో సరుకుల ధరలు, నాణేల మార్పిడి, లాభాల పంపకం ఎలా చేయాలో చూపించాడు. వర్తకుడికి కావాల్సింది అదే.

ఇక కదిలే వీలు లేదన్న మీ చివరి ప్రశ్న. దూరం వల్ల ఒక మేలు ఉంది, అలవాటు లేని చోట కన్ను దానంతటదే తెరుచుకుంటుంది. దాన్ని ఊళ్లోనే ఉండి సాధించడం కష్టమే గానీ సాధ్యం. జపాన్‌లో బుల్లెట్ రైలు వేగం పెంచుతున్న రోజుల్లో ఒక చిక్కు వచ్చింది. సొరంగంలోకి రైలు దూసుకెళ్లగానే ముందున్న గాలి నొక్కుకుపోయి, అవతలి మూతి దగ్గర పేలుడులా శబ్దం వచ్చేది. చుట్టుపక్కల జనం భరించలేకపోయారు. ఇంజినీరు ఎయిజి నకాత్సుకు పక్షులను చూడటం ఇష్టమైన కాలక్షేపం. పల్చటి గాలిలోంచి చిక్కటి నీళ్లలోకి చుక్క చిందకుండా దూకే పక్షి ఆయనకు తెలుసు, లకుముకిపిట్ట. దాని ముక్కు రూపంలో రైలు ముందు భాగాన్ని 15 మీటర్ల పొడవున సాగదీశారు. కరెంటు తీగను తాకే భాగం చేసే రొదను తగ్గించడానికి, చప్పుడు లేకుండా ఎగిరే గుడ్లగూబ రెక్కల అంచులను చూశారు. 1997లో ఆ 500 సిరీస్ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచింది. నకాత్సు అందుకోసం ఏ దేశమూ వెళ్లలేదు, తన వృత్తి నుంచి తన ఇష్టం దాకా వెళ్లాడు. మీ వృత్తికి సంబంధం లేని ఒక పనివాడి పక్కన నెలకు ఒక పూట కూర్చోండి, అది కూడా ప్రయాణమే.

మీ ఫోన్‌లో ఉన్న ఫొటోలను మాత్రం తీసేయకండి. ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని, దృశ్యాలు పక్కన పెట్టి, మనుషులు ఏదో పనిచేస్తున్నవి ఓ పది ఏరండి. ఒక్కోదాన్ని పెద్దది చేసి, మూలమూలా చూడండి. వాళ్ల చేతులు ఎక్కడున్నాయి? ఆ తాడు అక్కడెందుకు కట్టారు? ఆ చిన్న వస్తువు దేనికి? ఎందుకుందో అర్థం కాని వస్తువు ఒక్కటి కనిపించినా చాలు, దాన్ని గుండ్రంగా చుట్టి, కింద మీ ఊహ రాసి, అక్కడ పరిచయమైనవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు పంపి అడగండి. నా ఇత్తడి బిళ్లలు రెండేళ్లు అలాంటి ఫొటోలోనే వేలాడుతూ ఉన్నాయి.